రీడ్-రైట్ లాకా, మామూలు లాకా, కొత్త బోర్డా? ఏది ఎప్పుడు వాడాలి

రొయ్యలు కొనే కాంట దగ్గర గోడకు ఒక నల్లబోర్డు ఉందనుకోండి. ముప్పై కౌంట్ ఇంత, యాభై కౌంట్ ఇంత, వంద కౌంట్ ఇంత అని సుద్దముక్కతో రాసుంది. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు గుంటలున్న వాళ్లకు కౌంట్ అంటే ఏందో చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. ఆ బోర్డును పదిమంది ఒకేసారి చూసుకోవచ్చు, ఎవరికెవరూ అడ్డం కారు. ధర మార్చే మనిషి గుడ్డ పట్టుకొని వచ్చినప్పుడే చిక్కు. సగం తుడిచి సగం రాసిన సమయంలో చూసిపోయిన రైతు ముప్పై కౌంట్‌కు ఈరోజు ధర, వంద కౌంట్‌కు నిన్నటి ధర మనసులో పెట్టుకొని బేరానికి కూర్చుంటాడు. ఆ రెండు ధరలూ కలిసి ఏ రోజూ బోర్డు మీద లేవు.

అందుకని ఒక కట్టుబాటు పెట్టుకుంటాం. చూసేవాళ్లు ఎంతమందైనా ఉండొచ్చు. రాసేవాడు ఒక్కడే ఉండాలి, అతను రాసినంతసేపూ చూసేవాళ్లు కూడా పక్కకు తప్పుకోవాలి. ప్రోగ్రాంలో ఒకేసారి నడిచే పనులు (థ్రెడ్లు) చాలా ఒకే డేటాను ముట్టుకునేటప్పుడు పెట్టే ఇదే కట్టుబాటు రీడ్-రైట్ లాక్. మామూలు లాక్‌లో అయితే చూసేవాడైనా రాసేవాడైనా ఒకసారికి ఒక్కడే. 1971లో కోర్ట్వా, హేమాన్స్, పార్నస్ అనే ముగ్గురు ఈ సమస్యను పరిశోధనా పత్రంగా ప్రచురించారు. చదివేవాళ్లకు ముందు దారి ఇవ్వాలా, రాసేవాళ్లకా అన్న తగువు కూడా అందులోనే ఉంది. ఆ తగువు ఇప్పటికీ మన కోడ్‌లో తీరలేదు.

నేను నెల్లూరులో ఉండి రొయ్యల ధరలు చూపించే సర్వీసుకు కోడ్ రాస్తాను, ఎక్కువగా జావాలో. ధరలు రోజుకు రెండుమూడు సార్లు మారతాయి. చూసేవాళ్లు మాత్రం తెల్లారకముందు నుంచే మొదలు. పుస్తకంలో చదివినదాని ప్రకారం రీడ్-రైట్ లాక్‌కు ఇంతకన్నా మంచి చోటు దొరకదు. నేనూ అదే పెట్టాను. ఇప్పుడు అక్కడ ఆ లాక్ లేదు. ఎందుకు తీసేశానో, దాని బదులు ఏం పెట్టానో, ఏ ఒక్కచోట మాత్రం దాన్ని ఉంచుకున్నానో చెప్తాను. మీరు అట్లాంటి ఎంపిక దగ్గర నిలబడి ఉంటే పనికొస్తుంది.

"చదివేవాళ్లు ఎక్కువ, రాసేవాళ్లు తక్కువ, కాబట్టి రీడ్-రైట్ లాక్." ఇంటర్వ్యూల్లో మనందరం చెప్పే జవాబు ఇది. ఇందులో సగమే నిజం. మిగతా సగం తెలియాలంటే ఇంకో ప్రశ్న వేసుకోవాలి: లోపలికి పోయిన థ్రెడ్ లోపల ఎంతసేపు ఉంటుంది?

రీడ్ లాక్ తీసుకోవడమంటే ఊరికే చూడటం కాదు. లోపల ఎంతమంది ఉన్నారో లాక్‌కు తెలియాలి, లేకపోతే రాసేవాణ్ణి ఎప్పుడు పంపాలో దానికి ఎట్లా తెలుస్తుంది? అందుకని లోపలికి వచ్చే ప్రతి థ్రెడ్డూ ఒక లెక్కను ఒకటి పెంచుతుంది, పోయేటప్పుడు ఒకటి తగ్గిస్తుంది. గేటు దగ్గర పుస్తకంలో సంతకం పెట్టి పోయినట్టు. బోర్డు చూడటానికి ఒక్క చూపు చాలు. సంతకానికి మాత్రం పుస్తకం ఒకటే, పెన్నూ ఒకటే. ప్రాసెసర్ భాషలో ఆ పుస్తకం ఒక క్యాష్ లైన్, మనం మామూలుగా అద్దెకు తీసుకునే ఇంటెల్, ఏఎండీ సర్వర్లలో 64 బైట్ల ముక్క. ఒక కోర్ (ప్రాసెసర్‌లో విడిగా పనిచేసే భాగం) ఆ లెక్కను మార్చిందంటే మిగతా కోర్ల దగ్గరున్న నకళ్లన్నీ చెల్లకుండా పోతాయి, అవి మళ్లీ తెప్పించుకోవాలి. పదహారు కోర్లు ఒకే లెక్కను పెంచుతా తగ్గిస్తా ఉంటే ఆ ముక్క కోర్ల మధ్య తిరగడంతోనే కాలమంతా పోతుంది. చదివేవాళ్లంతా సమానంగా లోపలికి పోతున్నారని మనం అనుకుంటాం, నిజానికి వాళ్లు గేటు దగ్గర ఒకరి వెనక ఒకరు నిలబడుంటారు.

జావాలోని రీఎంట్రంట్ రీడ్-రైట్ లాక్ ఈ లెక్కనంతా ఒకే 32 బిట్ల అంకెలో దాస్తుంది. పై 16 బిట్లు చదివేవాళ్లకు, కింది 16 రాసేవాడికి. ఆ లెక్క 65,535 దాటకూడదన్న పరిమితి అక్కడి నుంచే వచ్చింది. దీనికి తోడు ఏ థ్రెడ్ ఎన్నిసార్లు తీసుకుందో కూడా థ్రెడ్ వారీగా గుర్తుపెట్టుకుంటుంది. ఒక మ్యాప్‌లో (పేరుకు ఎదురుగా విలువ పెట్టుకునే పట్టికలో) ఒక ధర వెతికి తెచ్చే పనికి ఇంత బరువు దండగ. మామూలు లాక్‌కైతే (దాన్నే మ్యూటెక్స్ అంటారు) ఆ పుస్తకం లేదు, తలుపు తీసి వేసుకోవడమే. లోపలి పని అతి చిన్నదైనప్పుడు రీడ్-రైట్ లాక్ కన్నా మామూలు లాకే ముందుండటం వింతేం కాదు.

కాబట్టి నా మొదటి సలహా: మామూలు లాక్‌తో మొదలుపెట్టండి. జావాలో సింక్రనైజ్డ్, సీ ప్లస్ ప్లస్‌లో మ్యూటెక్స్, గో భాషలో కూడా మ్యూటెక్స్. కొలిచి చూసి, ఆ లాక్ దగ్గరే థ్రెడ్లు ఆగిపోతున్నాయని కంటికి కనిపించినప్పుడు ముందుకు కదలండి. చాలా సర్వీసుల్లో అసలు ఆలస్యం డేటాబేస్ దగ్గరో నెట్‌వర్క్ దగ్గరో ఉంటుంది, లాక్ దగ్గర కాదు.

ముందుకు కదిలినా వెంటనే రీడ్-రైట్ లాక్ దగ్గరికి పోవద్దు. ముందు ఇది చూడండి. మళ్లీ ఆ కాంట దగ్గరికే పోదాం. ధర మార్చే మనిషి గోడ మీది బోర్డును తుడవడు. లోపలి గదిలో ఇంకో బోర్డు మీద కొత్త ధరలన్నీ తీరిగ్గా రాసుకుంటాడు. అంతా అయినాక బయటికి తెచ్చి, మేకుకున్న పాతది తీసి కొత్తది తగిలిస్తాడు. చూసేవాళ్లను పక్కకు జరగమనే పనే లేదు. ఎవరు చూసినా పూర్తి పాతది చూస్తారు, లేదా పూర్తి కొత్తది. సగం సగం ఎవరికీ కనిపించదు.

కోడ్‌లో ఇది చాలా చిన్న పని. ధరలన్నీ ఉన్న మ్యాప్‌ను ఒకసారి తయారుచేసినాక ఇక ఎవరూ మార్చకూడదు. దాన్ని చూపించే రిఫరెన్స్ (మన మేకు లాంటిది) ఒక్కటే మారుతుంది. జావాలో అది వోలటైల్ గానీ అటామిక్ రిఫరెన్స్ గానీ అయి ఉండాలి. వోలటైల్ అన్న మాట మరిచిపోతే కొత్త బోర్డు తగిలించినా కొన్ని థ్రెడ్లకు పాతదే కనిపిస్తా ఉండొచ్చు. రాసేవాళ్లు ఇద్దరు ఉండే అవకాశం ఉంటే వాళ్లిద్దరి మధ్య ఒక మామూలు లాక్ పెట్టండి, లేకపోతే ఒకరి మార్పు ఇంకొకరు తొక్కేస్తారు. చదివేవాళ్ల దారిలో లాకే లేదు. చదివే మనిషి పాటించాల్సింది ఒకటే: పని మొదట్లో రిఫరెన్స్‌ను ఒకసారి లోకల్ వేరియబుల్‌లోకి తీసుకొని చివరిదాకా దాన్నే వాడాలి. ముప్పై కౌంట్‌కు ఒకసారి, వంద కౌంట్‌కు ఇంకోసారి మేకు వైపు చూస్తే మధ్యలో బోర్డు మారిపోయి ఉండొచ్చు, మొదటి చిక్కే మళ్లీ వస్తుంది.

ఇది ఎక్కడ కుదరదంటే, మొత్తం నకలు తీయడం భారమైనప్పుడు. లక్షల ఎంట్రీలున్న దాంట్లో నిమిషానికి వందసార్లు ఒక్కొక్కటి మారుతుంటే ప్రతిసారీ పూర్తి నకలు తీయడం మెమరీకీ, వాడని మెమరీని ఊడ్చే గార్బేజ్ కలెక్టర్‌కూ బరువే. ఒక్కొక్క ఎంట్రీ విడిగా మారితే చాలు, వాటన్నిటినీ ఒకే క్షణంలో కలిపి చూడాల్సిన పని లేదు అనుకుంటే కంకరెంట్ హ్యాష్‌మ్యాప్ (చాలా థ్రెడ్లు ఒకేసారి వాడుకోగల జావా మ్యాప్) సరిపోతుంది.

రీడ్-రైట్ లాక్ వాడాల్సిందే అనుకున్నవాళ్ల కోసం ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఇది వాడినప్పుడు జరిగే తప్పులు నిశ్శబ్దంగా జరుగుతాయి.

మొదటిది నాకు జరిగిందే. ధర వెతికే ఫంక్షన్ రీడ్ లాక్ తీసుకొని మ్యాప్‌లో చూసేది. దొరక్కపోతే డేటాబేస్ నుంచి తెచ్చి, రైట్ లాక్ తీసుకొని మ్యాప్‌లో పెట్టేది. చదవడానికి చక్కగా ఉంది. కానీ రైట్ లాక్ అడిగే సమయానికి రీడ్ లాక్ ఇంకా చేతిలోనే ఉంది. రైట్ లాక్ ఏమంటుంది? "లోపల ఒకరు చదువుతున్నారు, వాళ్లు బయటికి వచ్చినాక ఇస్తా" అంటుంది. ఆ లోపలున్న ఒకరు ఎవరు? అడుగుతున్న థ్రెడ్డే. తన కోసం తనే కాచుకొని కూర్చుంది. జావాలో రీడ్ లాక్‌ను రైట్ లాక్‌గా పెంచుకోవడం కుదరదు, కుదరదని ఎర్రర్ కూడా రాదు.

అది అక్కడితో ఆగలేదు. రాయాలనుకునే థ్రెడ్ వరసలో ముందు నిలబడింది కాబట్టి, కొత్తగా చదవడానికి వచ్చినవాళ్లు దాని వెనకే నిలబడ్డారు. ఒకటొకటిగా థ్రెడ్లన్నీ ఆ వరసలో చేరాయి. టెస్టుల్లో ఇది ఎందుకు దొరకలేదంటే టెస్ట్ డేటాలో అన్ని కాంటల ధరలూ ముందే నింపి ఉన్నాయి, "దొరకలేదు" అన్న దారిలోకి కోడ్ ఎప్పుడూ పోలేదు. ఆ రోజు పొద్దున కొత్త కాంట ఒకటి చేరింది. సీపీయూ వాడకం దాదాపు సున్నా, లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. అల్లూరు దగ్గర నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. "ఏంది నాయనా, మీ యాప్ అట్టానే తిరగతా ఉంది. పట్టుబడి అయిపోయింది, బండి వచ్చి గట్టు మీద నిలబడుంది. ధర చూసుకోకుండా ఎట్టా ఎత్తేది?" పట్టిన సరుకు ఐసులో ఉంది, ఎండ ఎక్కుతోంది. సర్వీసును రీస్టార్ట్ చేసే ముందు జేస్టాక్ అనే జావా పనిముట్టుతో థ్రెడ్ డంప్, అంటే ఏ థ్రెడ్ ఎక్కడ ఆగి ఉందో చూపే జాబితా, తీసుకున్నాను. అది తీసుకోకపోయి ఉంటే కారణం నాకు ఈరోజుకీ తెలిసేది కాదు. మీరు కూడా సర్వీసు బిగుసుకుపోయినప్పుడు ముందు డంప్, తర్వాతే రీస్టార్ట్.

సరైన పద్ధతి ఇది. రీడ్ లాక్ తీసుకొని చూడు, దొరక్కపోతే రీడ్ లాక్ వదిలెయ్. ఏ లాకూ చేతిలో లేకుండా డేటాబేస్‌కు పోయి రా. అప్పుడు రైట్ లాక్ తీసుకో, మళ్లీ ఒకసారి మ్యాప్‌లో చూడు, ఇంకా లేకపోతేనే పెట్టు. ఆ రెండో చూపు చాలామంది వదిలేస్తారు. నువ్వు డేటాబేస్‌కు పోయి వచ్చే లోపల ఇంకో థ్రెడ్ అదే పని ముగించి ఉండొచ్చు, అది పెట్టింది నీకన్నా తాజా ధర కావచ్చు. దీనికి తిరగేసిన దారి మాత్రం జావాలో సరైనదే: రైట్ లాక్ చేతిలో ఉండగా రీడ్ లాక్ కూడా తీసుకొని, తర్వాత రైట్ లాక్ వదలొచ్చు. రాసింది రాసినట్టే చదువుకోవాలన్నప్పుడు అది పనికొస్తుంది. వదలడం ఎప్పుడూ ఫైనల్లీ బ్లాక్‌లోనే (మధ్యలో ఎర్రర్ వచ్చినా తప్పక నడిచే భాగంలో) ఉండాలి.

రెండోది, చదువుతున్నట్టే కనిపిస్తా రాసే పనులు. ఇవి నన్ను ఎక్కువ భయపెడతాయి. జావాలో లింక్డ్ హ్యాష్‌మ్యాప్‌ను వాడకం వరస పద్ధతిలో తెరిస్తే, గెట్ అన్న పిలుపు కూడా లోపలి వరసను మారుస్తుంది. ఇటీవల వాడినవే ఉంచే చిన్న క్యాష్ కోసం అందరూ ఇదే వాడతారు. గెట్ కదా అని రీడ్ లాక్ కింద పెడితే, ఇద్దరు ముగ్గురు ఒకేసారి ఆ వరసను కలిపేసి చిక్కుముడి చేస్తారు. సీ ప్లస్ ప్లస్‌లో మ్యాప్ మీద చదరపు బ్రాకెట్లతో వెతికితే, ఆ కీ లేకపోతే కొత్త ఎంట్రీ పుట్టేస్తుంది. షేర్డ్ లాక్ (అక్కడ రీడ్ లాక్ పేరు అది) కింద ఫైండ్ గానీ యాట్ గానీ వాడండి. మ్యాప్‌ను కాన్స్ట్ (మార్చకూడని) రిఫరెన్స్‌గా తీసుకుంటే కంపైలరే అడ్డం పడుతుంది, అది ఇంకా మేలు. ఎన్నిసార్లు చదివారో లెక్కపెట్టే కౌంటర్, మొదటిసారి అడిగినప్పుడు లెక్కకట్టి దాచుకునే ఫీల్డ్, ఇవి కూడా ఈ జాబితాలోవే. రీడ్ లాక్ కింద పిలిచే ప్రతి ఫంక్షన్‌నూ తెరిచి చూడండి, పేరును నమ్మొద్దు.

మూడోది, లాక్ లోపలి వస్తువును బయటికి ఇచ్చేయడం. రీడ్ లాక్ తీసుకొని, లోపలి లిస్టునే రిటర్న్ చేసి, లాక్ వదిలేస్తాం. పిలిచినవాడు తీరిగ్గా దాని మీద తిరుగుతా ఉంటాడు, ఈ లోపల రాసేవాడు దాన్ని మార్చేస్తాడు. లాక్ ఉంది, రక్షణ లేదు. నకలు ఇవ్వండి, లేదా మారని లిస్టు ఇవ్వండి.

నాలుగోది, చదువులో చదువు. ఒక ఫంక్షన్ రీడ్ లాక్ తీసుకొని ఇంకో ఫంక్షన్‌ను పిలుస్తుంది, అదీ రీడ్ లాక్ అడుగుతుంది. రెండూ రీడే కదా అనిపిస్తుంది. ఆ రెంటి మధ్య సందులో రాసేవాడు వచ్చి వరసలో నిలబడ్డాడనుకోండి. గో భాషలో ఆర్‌డబ్ల్యూ మ్యూటెక్స్ రాసేవాడు కాచుకుని ఉండగా కొత్తగా ఎవరినీ చదవనివ్వదు. రెండో రీడ్ రాసేవాడి కోసం ఆగుతుంది, రాసేవాడు మొదటి రీడ్ కోసం ఆగుతాడు, మొదటి రీడ్ రెండోదాని కోసం. ముగ్గురూ కదలరు. రాసేవాడు ఆ సందులో రాకపోతే ఏళ్ల తరబడి బాగానే నడుస్తుంది, అదే దీనితో వచ్చే ప్రమాదం. జావాలో ఒకే థ్రెడ్ మళ్లీ రీడ్ లాక్ తీసుకోవచ్చు. సీ ప్లస్ ప్లస్ షేర్డ్ మ్యూటెక్స్‌లో అట్లా చేస్తే ఏం జరుగుతుందో భాషా ప్రమాణమే చెప్పదు. లాక్ తీసుకునేవి బయటి ఫంక్షన్లు, లాక్ చేతిలో ఉందని నమ్మి పనిచేసేవి లోపలి ఫంక్షన్లు, ఇట్లా విడదీసి, లోపలివి మళ్లీ లాక్ అడగకుండా చూసుకుంటే ఈ బాధ ఏ భాషలోనూ ఉండదు.

భాషల సంగతి ఇంకొంచెం. లైనక్స్‌లో జీలిబ్‌సీ అనే సీ లైబ్రరీ ఇచ్చే పీథ్రెడ్ రీడ్-రైట్ లాక్ మామూలుగా చదివేవాళ్ల పక్షం. చదివేవాళ్లు తెంపు లేకుండా వస్తుంటే రాసేవాడు కాచుకొనే ఉంటాడు, కావాలంటే లాక్ తయారుచేసేటప్పుడే ఆ గుణం మార్చుకోవచ్చు. సీ షార్ప్‌లో రీడర్ రైటర్ లాక్ స్లిమ్‌కు పెంచుకోగల రీడ్ అని మూడో రకం ఉంది, కానీ ఒకసారికి ఒక్క థ్రెడ్డే ఆ రకంలో ఉండగలదు, అందరూ అదే వాడితే మామూలు లాక్‌తో సమానం. రస్ట్‌లో డేటా లాక్ లోపలే ఉంటుంది, రీడ్ గార్డ్ ద్వారా మార్చబోతే కంపైల్ కాదు. ఈ విషయంలో నాకు నచ్చిన భాష అదే. పైథాన్‌కు స్టాండర్డ్ లైబ్రరీలో రీడ్-రైట్ లాక్ లేదు. అక్కడ ఆర్‌లాక్ కనిపిస్తే రీడ్ లాక్ అనుకోకండి, అది ఒకే థ్రెడ్ మళ్లీమళ్లీ తీసుకోగల మామూలు లాక్. గోలో ఆర్‌లాక్ అంటే రీడ్ లాకే, కాబట్టి అక్కడి నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ తప్పకుండా తడబడతారు.

జావా 8తో వచ్చిన స్టాంప్డ్ లాక్ గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నా. సంతకం పెట్టకుండా చూసి, చూసినాక "మధ్యలో ఎవరైనా మార్చారా" అని అడిగే ఏర్పాటు అందులో ఉంది. మార్చి ఉంటే చూసింది పారేసి మళ్లీ చూడాలి. రెండుమూడు అంకెలు చదివే పనికి చాలా వేగం. కానీ ఒకే థ్రెడ్ రెండోసారి తీసుకోలేదు, సరిచూసుకునే లోపల చదివినవి సగం మారినవి కావచ్చు. వాటిని పట్టుకొని లూప్‌లు తిరగడం, ఇంకో ఆబ్జెక్టులోకి దిగడం చేయకూడదు. లైబ్రరీలు రాసేవాళ్లకు వదిలేయండి.

ధరల లెక్క వేరు, గుంటల్లో ఆక్సిజన్ మీటర్ల లెక్క వేరు. రాత్రంతా నాచు ఆక్సిజన్ ఇవ్వదు, గుంటలోని ప్రాణులన్నీ పీలుస్తానే ఉంటాయి, అందుకని తెల్లవారుజామున డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) అన్నిటికన్నా కిందికి పడిపోతుంది. ఏరియేటర్లు వేయాలని రైతును లేపే అలారం ఆ వేళకే మోగాలి. ఇక్కడ మీటర్లు తెంపు లేకుండా రాస్తానే ఉంటాయి, అలారం చూసే థ్రెడ్ అప్పుడప్పుడు చదువుతుంది. రాసేది ఎక్కువ, చదివేది తక్కువ. రీడ్-రైట్ లాక్‌కు ఇక్కడ చోటే లేదు. మేం ఒక్కో గుంటకు ఒక్కో ఎంట్రీగా కంకరెంట్ హ్యాష్‌మ్యాప్‌లో పెట్టాం. డీవో, వేడి, సమయం మూడూ కలిపి మారని ఒక ఆబ్జెక్టు. కొత్త రీడింగ్ వస్తే మొత్తం ఆబ్జెక్టే మారుతుంది. ఒక గుంట ఇంకో గుంట కోసం ఆగదు.

రీడ్-రైట్ లాక్ మా కోడ్‌లో ఒక్కచోట మిగిలింది. ఏ కాంటకు ఏ గుంటలు దగ్గరో వెతికే చెట్టు (ట్రీ, కొమ్మలుగా చీల్చి పేర్చిన డేటా) అది. ఒక్కో వెతుకులాటకు కొమ్మలు చాలా దిగాలి, కాబట్టి గేటు దగ్గర సంతకం ఖర్చు లోపలి పనితో పోలిస్తే చిన్నది. చెట్టు పెద్దది, కొత్త గుంట చేరిన ప్రతిసారీ మొత్తం నకలు తీయలేం. కొత్త గుంటలు రోజుకు కొన్నే. చదువు ఎక్కువ, చదివే సమయమూ ఎక్కువ, రాత అరుదు, నకలు భారం: నాలుగూ కలిసిన చోటు మాకు అదొక్కటే. ఆ లాక్ పైన కోడ్‌లో నేను రాసిపెట్టిన కామెంట్ ఇది: "ఈ లాక్ కింద డేటాబేస్‌కు పోవద్దు. రీడ్ చేతిలో ఉండగా రైట్ అడగొద్దు. చెట్టు కొమ్మను బయటికి ఇవ్వొద్దు, గుంట నంబరు మాత్రమే ఇవ్వు." కొత్తగా చేరిన పిల్లలకు మొదటి రోజు ఆ ఫైలే తెరిచి చూపిస్తాను.